పడవ ఒడ్డెక్కాక బ్యాటరీకి ఏ చార్జింగ్ మేలు? మన చెరువుల లెక్కలో ఒక పోలిక

మా బావా నేనూ కలిసి కొన్న ఫైబర్ పడవ నీళ్ల మీద తిరిగే రోజుల కన్నా చెరువు కట్ట కింద వేపచెట్టు దగ్గర పడి ఉండే రోజులే ఎక్కువ. నర్సంపేట దిక్కు, ములుగు దిక్కు, మానేరు మీద, కడెం మీద పడవ ఉన్నవాళ్లను ఎవరిని అడిగినా దాదాపు ఇదే చెబుతారు. దసరా నుంచి మార్చి దాకా వారానికోసారో పదిహేను రోజులకోసారో పడవ కదులుతుంది. ఏప్రిల్ వస్తే నీళ్లు తూము దగ్గరికి దిగిపోతాయి. మోకాటి లోతులో వలలు లాగేవాళ్లే తప్ప ఇంజన్ పడవతో ఎవరికీ పని ఉండదు. మళ్లీ చెరువు నిండి, మత్తడి దుంకి, వరద జోరు తగ్గేసరికి ఆగస్టు వెళ్లిపోతుంది. అంటే నాలుగైదు నెలలు బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది. అదీ ఏడాది మొత్తంలో బాగా వేడిగా ఉండే నెలల్లో.

పడవ బ్యాటరీల గురించి వెతికితే దొరికే సలహాలు ఎక్కువగా చలి దేశాల వాళ్లు రాసినవి. అక్కడ నీళ్లు గడ్డకట్టే కాలంలో పడవను లోపల పెడతారు, చలికి బ్యాటరీలో చార్జి కూడా పెద్దగా దిగదు. మనం 44, 45 డిగ్రీల ఎండలో పెడతాం. రామగుండం వైపు వాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ (సీసం ప్లేట్లు, యాసిడ్ ఉండే మామూలు రకం) తనంతట తాను చార్జి పోగొట్టుకునే వేగం ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర నెలకు 5 శాతం పోగొట్టుకునే మామూలు నీళ్ల బ్యాటరీ, 45 డిగ్రీల దగ్గర నెలకు 20 శాతం దాకా పోగొట్టుకుంటుంది. రాత్రిళ్లు కాస్త చల్లబడుతుంది కాబట్టి అంత మొత్తం పోకపోవచ్చు. అయినా ఏప్రిల్‌లో నిండుగా పెట్టినది జూలైకి సగానికి వచ్చిందంటే ఆశ్చర్యపోవాల్సింది లేదు. "సీజన్ అయ్యాక నిండా చార్జి చేసి వదిలేయండి, మళ్లీ సీజన్‌కి చూసుకోండి" అనే మాట వాళ్ల ఊళ్లో చెల్లుతుంది, మన ఊళ్లో చెల్లదు.

నా మొదటి బ్యాటరీ ఆ సలహాను నమ్మడం వల్లే పోయింది. 75 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ, ఏడాది కూడా నిండలేదు. ఏప్రిల్ మొదట్లో పడవను కట్టకు లాగి, పైన తాటిపత్రి కప్పి వచ్చేశాం. లోపల చేపలు చూపించే ఫిష్ ఫైండర్ వైరు అలాగే ఉంది, అడుగున నీళ్లు తోడే పంపు ఆటోమేటిక్ స్విచ్ కూడా అలాగే ఉంది. జూన్ చివర వెళ్లి సెల్ఫ్ కొడితే టక్‌మనే చప్పుడు కూడా లేదు. మీటర్ పెడితే పది వోల్టుల చిల్లర. బ్యాటరీ షాపులో ఒకటిన్నర రోజు చార్జింగ్‌కు పెట్టించాను. రెండు ట్రిప్పులు పనిచేసింది, మూడో ట్రిప్పులో చెరువు మధ్య ఆగింది. తెడ్డు వేసుకుంటూ గంటన్నర. షాపాయన దాన్ని చూసి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "బ్యాటరీ ఖరాబు కాలేదు సార్, మీరే దాన్ని ఉపాసం పెట్టి సంపిండ్రు."

ఆయన అన్నది అక్షరాలా నిజం. లెడ్ యాసిడ్ బ్యాటరీలో చార్జి దిగినకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే అది కరిగి తిరిగి యాసిడ్‌లో కలుస్తుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే స్ఫటికాలుగా గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా కరగదు. ప్లేటులో అంత భాగం పనికి రాకుండా పోయినట్టే. అందుకే వాడి పాడైన బ్యాటరీల కన్నా వాడకుండా పాడైనవే ఎక్కువ కనిపిస్తాయి.

ముందు రెండు కొలతలు

ఏ పద్ధతి ఎంచుకోవాలో తేల్చుకునే ముందు మీ చేతిలో ఒక డిజిటల్ మల్టీమీటర్ ఉండాలి. ఎలక్ట్రికల్ షాపులో చవకగా దొరికేది చాలు. చార్జింగ్ తీసేసి, ఏ లోడూ లేకుండా ఐదారు గంటలు, వీలైతే ఒక రాత్రి వదిలేసి చూడాలి. నీళ్ల బ్యాటరీ 12.6, 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతు మిగిలింది. 11.9 కిందికి వచ్చిందంటే ఖాళీ అనే అనుకోవాలి. నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ రకం ఏజీఎం బ్యాటరీ నిండుగా ఉంటే 12.8, ఒక్కోసారి 13 దాకా చూపిస్తుంది. చార్జర్ తీసిన వెంటనే చూస్తే అన్నీ 13 పైనే కనిపిస్తాయి, దాన్ని నమ్మొద్దు. నా నియమం ఒక్కటే: 12.4 కిందికి దిగనివ్వను. 12.2 దాకా ఆగుదాం అనుకునేవాళ్లు 12.0 దాకా కూడా ఆగుతారు, నన్ను చూసే చెబుతున్నాను.

రెండో కొలత, అన్నీ ఆఫ్ చేశాక కూడా లోపల ఎంత కరెంటు కారుతోంది అనేది. మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి, మైనస్ వైరు తీసి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య కలిపితే తెలుస్తుంది. ఇలా పెట్టినప్పుడు సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ కాలిపోతుంది. మా పడవలో 20 మిల్లీఆంపియర్లు చూపించింది. చూడ్డానికి ఏముంది అందులో అనిపిస్తుంది. కానీ 20 మిల్లీఆంపియర్లంటే రోజుకు దాదాపు అర ఏహెచ్, నెలకు 14 ఏహెచ్ పైమాటే. 75 ఏహెచ్ బ్యాటరీ నాలుగు నెలలు పడి ఉంటే ఈ కారే కరెంటు ఒక్కటే ముప్పావు వంతు తాగేస్తుంది, ఎండ చేసేది వేరే. దీనికి మందు చార్జర్ కాదు, లారీలకు పెట్టే లాంటి కటాఫ్ స్విచ్. మైనస్ వైరు మీద పెట్టి, పడవ దిగేటప్పుడు తిప్పితే సరి. కింద చెప్పే పద్ధతుల్లో దేన్ని ఎంచుకున్నా ఇది మాత్రం ఉండాల్సిందే. ఏదీ ఎంచుకోలేనివాళ్లు కనీసం ఇదొక్కటైనా పెట్టుకోండి.

ఇంజన్ తిప్పితే చాలదా?

అందరూ మొదట అడిగేది ఇదే. కారులో సరిపోతుంది కదా, పడవలో ఎందుకు సరిపోదు అని. పడవ వెనక తగిలించే చిన్న ఔట్‌బోర్డ్ ఇంజన్లలో, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కారులో ఉన్నంత పెద్దది ఉండదు. మాది 9.9 హార్స్‌పవర్ ఇంజన్, ఫుల్ స్పీడులో 6 ఆంపియర్లు ఇస్తుంది. నెమ్మదిగా నడిపితే అందులో సగం కూడా రాదు. సెల్ఫ్ కొట్టడానికి పోయే కరెంటు నిజానికి చాలా తక్కువ, వంద ఆంపియర్లు లాగినా మూడు సెకన్లే కాబట్టి ఇంజన్ ఒక్క నిమిషంలో తిరిగి నింపేస్తుంది. అసలు తినేది మిగతావి. సాయంత్రం నాలుగు గంటలపాటు 20 వాట్ల లైటు వేస్తే ఏడు ఏహెచ్ పోతుంది. వలల దగ్గరికి వెళ్లడానికి పది నిమిషాలు, రావడానికి పది నిమిషాలు ఇంజన్ నడిపితే వచ్చేది రెండు ఏహెచ్. ప్రతి ట్రిప్పుకూ ఐదు ఏహెచ్ అప్పు మిగిలిపోతుంది. పది ట్రిప్పులు అయ్యేసరికి బ్యాటరీ ఎందుకు డౌన్ అయిందో మనకు అర్థం కాదు.

వేసవిలో "పది రోజులకోసారి వెళ్లి ఇంజన్ పది నిమిషాలు ఆన్ చేసి వద్దాం" అనేవాళ్లు మా చెరువు సొసైటీలోనూ ఉన్నారు. ఒడ్డు మీద నీళ్లు లేకుండా ఔట్‌బోర్డ్ తిప్పితే లోపలి నీళ్ల పంపు రబ్బరు రెక్కలు కాలిపోతాయి. బ్యాటరీ కోసం వెళ్లి ఇంజన్ పాడు చేసుకుని వచ్చినట్టవుతుంది. ఈ పద్ధతిని నేను లెక్కలోకి కూడా తీసుకోను. రోజూ గంటకు తక్కువ కాకుండా ఇంజన్ నడిపే గోదావరి మీది పడవలకైతే వేరే సంగతి, వాటికి ఇదే చాలు.

ఇంటికి తెచ్చుకుని చార్జర్ పెట్టడం

పడవ ఉన్న చోటు నుంచి ఇంటికి బైకు మీద అరగంట లోపు దూరమైతే, బ్యాటరీ 30 కిలోల లోపు ఉంటే, ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఎండ తగలదు, దొంగల భయం లేదు, కళ్ల ముందు ఉంటుంది. కావాల్సింది ఆటోమేటిక్ స్మార్ట్ చార్జర్. ఇది మొదట గట్టిగా కరెంటు ఎక్కిస్తుంది. 14.4 వోల్టుల దగ్గరికి వచ్చాక కరెంటు మెల్లగా తగ్గిస్తుంది. నిండాక 13.5, 13.6 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది. ఆ చివరి దశ ఉన్నదాన్నే కొనాలి, డబ్బా మీద ఫ్లోట్ అనో మెయింటెనెన్స్ అనో రాసి ఉంటుంది. ఆంపియర్లు ఎన్ని ఉండాలంటే బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు లెక్క. 75 ఏహెచ్‌కు ఏడెనిమిది ఆంపియర్లది బాగుంటుంది. చార్జి నిలబెట్టడమే పని అనుకుంటే 4 ఆంపియర్లది కూడా చాలు, రాత్రి పెట్టి పొద్దున కాకపోతే మధ్యాహ్నం తీస్తారు, అంతే.

పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్లు, బరువుగా, ముల్లు మీటర్ ఉన్నవి, మెకానిక్ షెడ్లలో ఇంకా కనిపిస్తాయి. పనిచేస్తాయి, కాదనను. కానీ అవి ఆగవు. మర్చిపోయి రెండు రోజులు వదిలేస్తే యాసిడ్ ఉడికి నీళ్లు ఆవిరైపోతాయి. కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్న చోటే వాటికి చోటు.

ఇంటి ఇన్వర్టర్‌కు పడవ బ్యాటరీ తగిలిస్తే సరిపోదా అని మా బావ ఒక వేసవి పట్టుబట్టాడు. ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ తీసేసి దాని స్థానంలో పడవది పెడితే చార్జి అవుతుంది, నిజమే. అయితే ఇన్వర్టర్ 150 ఏహెచ్ బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని 10, 15 ఆంపియర్లు తోస్తుంది, చిన్న బ్యాటరీకి అది ఎక్కువ. పైగా కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లన్నీ దాని మీదే నడుస్తాయి. ఇంజన్ సెల్ఫ్ కోసం చేసిన బ్యాటరీ అలా లోతుగా దిగడాన్ని తట్టుకోదు. రెండు బ్యాటరీలనూ పక్కపక్కన కలిపి పెట్టడం ఇంకా తప్పు, పాతది కొత్తదాన్ని కిందికి లాగుతుంది. బావకు ఇది చెప్పినా వినలేదు, మే నెలలో రెండు గాలిదుమారాల రాత్రులు గడిచాక ఆయనే తీసేశాడు.

షాపులో ఇచ్చి రావడం

ఊళ్లో బ్యాటరీ షాపాయన చార్జింగ్‌కు పెట్టి ఇస్తాడు. డబ్బులు తక్కువే తీసుకుంటాడు. ఏడాదికి రెండుసార్లయితే ఇది చాలు. కానీ నెలనెలా చేసే పని కాదు. చాలా షాపుల్లో ఐదారు బ్యాటరీలను వరుసగా కలిపి ఒకే కరెంటు పంపిస్తారు. ట్రాక్టర్ బ్యాటరీ, ఆటో బ్యాటరీ, మీ పడవ బ్యాటరీ అన్నీ ఒకే వరుసలో. ఒకటి ముందే నిండితే అది ఉడుకుతూ ఉంటుంది, ఇంకొకటి సగమే నిండుతుంది. షాపుకు వెళ్లడంలో అసలు లాభం వేరే ఉంది. ఆయన దగ్గర లోడ్ పెట్టి బ్యాటరీ సత్తా చూసే లోడ్ టెస్టర్ ఉంటుంది, యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) చూసే హైడ్రోమీటర్ ఉంటుంది. నేను ఏటా ఆగస్టులో ఒకసారి పరీక్ష కోసం వెళ్తాను, చార్జింగ్ కోసం కాదు.

సోలార్ ప్యానెల్, కట్ట మీదనే

చెరువు దగ్గర కరెంటు ఉండదు. వ్యవసాయ బావి కనెక్షన్ ఉన్నా అది రైతుది, పైగా మూడు ఫేజులది, దాని జోలికి పోకూడదు. పడవ ఇంటికి దూరంగా ఉండేవాళ్లకు, అంటే వరంగల్‌లో ఉంటూ లక్నవరం దిక్కునో పాఖాల దిక్కునో పడవ ఉంచుకున్న మాలాంటి వాళ్లకు, సోలారే దారి. నేను దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు సైజు కొనేది ఇక్కడే.

మీరు చేయదలచుకున్నది రెండు పనుల్లో ఏదో తేల్చుకోవాలి. నిండుగా ఉన్న బ్యాటరీని నిండుగానే ఉంచడం ఒకటి, ఖాళీ అయినదాన్ని నింపడం ఇంకొకటి. మొదటి పనికి చాలా చిన్న ప్యానెల్ చాలు. 100 ఏహెచ్ బ్యాటరీ వేసవిలో నెలకు 20 శాతం పోగొట్టుకున్నా రోజుకు ఏహెచ్‌లో మూడింట రెండు వంతులే. 10 వాట్ల ప్యానెల్ మన ఎండకు రోజుకు రెండు, రెండున్నర ఏహెచ్ ఇస్తుంది. మబ్బు పట్టిన జూలైలో అది సగానికి పడిపోయినా ఇంకా మిగులే. రెండో పనికి ఈ లెక్క పనికిరాదు. బ్యాటరీ మోటారుతో పడవ నడిపి 45 ఏహెచ్ వాడారనుకోండి, 20 వాట్ల ప్యానెల్‌తో అది నిండాలంటే పది రోజుల పైనే. వచ్చే ఆదివారానికి నిండదు. అదే 100 వాట్ల ప్యానెల్ అయితే రెండు మూడు రోజుల పని.

ప్యానెల్‌ను బ్యాటరీకి నేరుగా తగిలించొద్దు. ఎండలో ప్యానెల్ 18 వోల్టుల దాకా ఇస్తుంది, నెలల తరబడి అలా వదిలితే బ్యాటరీ ఎండిపోతుంది. రాత్రిళ్లు వెనక్కి కొంత కారుతుంది కూడా. మధ్యలో వోల్టేజీని అదుపులో ఉంచే చార్జ్ కంట్రోలర్ కావాలి. ప్యానెల్ నుంచి ఎక్కువ కరెంటు రాబట్టే ఎంపీపీటీ రకం కంట్రోలర్ కొనమని షాపులో చెబుతారు, పెద్ద ప్యానెళ్లకు అది మంచిదే. 10, 20 వాట్ల ప్యానెల్‌కు దాని అవసరం లేదు, మామూలు పీడబ్ల్యూఎం రకం చాలు. మిగిలిన డబ్బు వేడిని బట్టి వోల్టేజీ తగ్గించే సౌకర్యం ఉన్న కంట్రోలర్ మీద పెట్టండి. మన వాతావరణానికి అదే ముఖ్యం. 25 డిగ్రీల దగ్గర 13.6 వోల్టుల ఫ్లోట్ సరైనదే. 45 డిగ్రీల దగ్గర అదే బ్యాటరీకి 0.4 వోల్టు దాకా తక్కువ చాలు. ఆ తేడా చూసుకోని కంట్రోలర్ వేసవంతా బ్యాటరీని కొద్దికొద్దిగా ఉడికిస్తూనే ఉంటుంది. నీళ్లు పోసే బ్యాటరీ అయితే నీళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది, పోసుకోవచ్చు. సీల్డ్ బ్యాటరీలో పోయిన నీళ్లు పోయినట్టే.

తగిలించేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు కలపాలి, తర్వాత ప్యానెల్‌ను. తీసేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. కటాఫ్ స్విచ్‌కు బయట, అంటే నేరుగా టెర్మినల్ దగ్గర, ఒక ఫ్యూజు పెట్టి కంట్రోలర్‌ను కలపండి. లేకపోతే స్విచ్ ఆఫ్ చేసినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుంది. ఈ తప్పు నేను చేశాను, నెల తర్వాత చూస్తే ప్యానెల్ మెరుస్తూనే ఉంది, బ్యాటరీ మాత్రం 12.1.

ఇక చెట్టు నీడ. పడవను నీడలో పెట్టాలి, ప్యానెల్‌ను ఎండలో పెట్టాలి. చిన్న ప్యానెల్‌లో ఒక్క సెల్ మీద ఆకు నీడ పడినా వచ్చే కరెంటు బాగా పడిపోతుంది. అందుకని నాలుగైదు మీటర్ల వైరు వేసి కట్ట రాళ్ల మీద వంచి పెట్టాం. మూడో రోజుకు కోతులు వైరు పీకేశాయి. ఇప్పుడు వైరును పైపులో వేసి పాతిపెట్టాం, ప్యానెల్‌ను ఇనుప చట్రానికి బిగించాం. కోతుల కన్నా మనుషుల భయం ఎక్కువ ఉన్న చోట, సొసైటీ కాపలా లేని చోట, నేను ప్యానెల్ పెట్టమని చెప్పను. బ్యాటరీ తీసుకుని ఇంటికి పోవడమే నయం.

బ్యాటరీ రకాన్ని బట్టి

చార్జింగ్ పద్ధతి ఎంచుకునేది బ్యాటరీని చూసి. కొత్తగా కొనేవాళ్లకైతే బ్యాటరీని ఎంచుకునేది తమ అలవాటును చూసుకుని.

నీళ్లు పోసే మామూలు బ్యాటరీ చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఎవరైనా బాగు చేస్తారు, కాస్త ఎక్కువ చార్జి అయినా క్షమిస్తుంది. నెలకోసారి చూసుకునే ఓపిక ఉంటే ఇదే తీసుకోండి. ఇంట్లో వాడే 150 ఏహెచ్ ట్యూబులర్‌ను పడవలో పెట్టాలన్న ఆలోచన మాత్రం వద్దు. అది లోతుగా దిగడాన్ని బాగా తట్టుకుంటుంది, నిజమే. కానీ బరువు 50 కిలోల పైన, ఎత్తుగా ఉంటుంది, పడవ ఊగితే యాసిడ్ చిందుతుంది. దాన్ని కట్ట ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి, రెండోసారి ఎవరూ రారు.

సీల్డ్ ఏజీఎం బ్యాటరీ ఊరికే పడి ఉన్నప్పుడు మామూలుదానికన్నా తక్కువ చార్జి పోగొట్టుకుంటుంది, చిందదు, నీళ్లు అక్కర్లేదు. ఖరీదు ఎక్కువ. ఎక్కువ చార్జింగ్‌ను అసలు తట్టుకోదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ తప్ప వేరేది లేనివాళ్లు దీన్ని కొంటే డబ్బు దండగ. మంచి స్మార్ట్ చార్జర్ ఉన్నవాళ్లకు, పడవను రెండేసి నెలలు ముట్టుకోలేనివాళ్లకు ఇది సరైన జోడీ.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. 100 ఏహెచ్ బ్యాటరీ 12 కిలోల చుట్టూ ఉంటుంది, ఒక చేత్తో పట్టుకుని కట్ట ఎక్కేయొచ్చు. మూడొంతులు పైగా వాడుకున్నా ఏం కాదు, వేల సార్లు చార్జి చేసుకోవచ్చు. దీని నియమం మాత్రం పూర్తిగా తిరగబడి ఉంటుంది. లెడ్ యాసిడ్‌ను నిండుగా దాచాలి, లిథియంను సగం, అరవై శాతం దగ్గర దాచాలి. నిండుగా ఎండలో పెట్టడమే దానికి చేసే కీడు. ఫ్లోట్ మీద నెలల తరబడి ఉంచక్కర్లేదు. సగం చార్జితో ఇంట్లో చల్లని గదిలో పెట్టి, వైర్లన్నీ తీసేసి, మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది. చార్జర్ లిథియం మోడ్ ఉన్నదై ఉండాలి. లెడ్ యాసిడ్ చార్జర్లలో సల్ఫేట్ పోగొట్టే మోడ్ ఒకటి ఉంటుంది, అది ఎక్కువ వోల్టేజీ కొడుతుంది, లిథియంకు దాన్ని తగిలించకూడదు. లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ బోర్డు, బ్యాటరీ బాగా ఖాళీ అయినప్పుడో వేడెక్కినప్పుడో మొత్తం కట్ చేసేస్తుంది. మీటర్ సున్నా చూపిస్తే చచ్చిపోయిందనుకుని పారేయకండి, చాలాసార్లు సరైన చార్జర్ పెడితే లేస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, వారం వారం బ్యాటరీ మోటారుతో పడవ నడిపేవాళ్లకే లిథియం ఖర్చు గిట్టుబాటు. 55 పౌండ్ల థ్రస్ట్ (తోసే బలం) ఉన్న బ్యాటరీ మోటారు ఫుల్ స్పీడులో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 ఏహెచ్ లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి, పైగా అంత వేగంగా లాగితే రాసి ఉన్నంత కూడా రాదు. గంట కూడా నిండకముందే తిరుగుముఖం పట్టాలి. లిథియంతో గంటన్నర దాకా హాయిగా తిరగొచ్చు. సెల్ఫ్ కొట్టడం, ఒక లైటు, ఫిష్ ఫైండర్, ఇంతే వాడేవాళ్లకు లిథియం అక్కర్లేని ఆడంబరం.

నీళ్లు, ఉప్పు, గాలి

మనవి మంచినీళ్ల చెరువులు. సముద్రం మీది పడవలకు టెర్మినళ్లు తుప్పు పట్టి పోయే బాధ మనకు తక్కువ. అయినా తెల్లటి, పచ్చటి బూజు పడుతుంది. వేడి నీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, మూతల్లోకి ఆ నీళ్లు పోకుండా చూసుకుని, ఆరాక బిగించి పైన వాజిలిన్ రాయాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

నీళ్లు పోసే బ్యాటరీకి డిస్టిల్ వాటర్ మాత్రమే. మినరల్ వాటర్, ఫిల్టర్ నీళ్లు, ఏసీ నుంచి కారిన నీళ్లు, ఇవేవీ కావు. యాసిడ్ అసలే పోయకూడదు. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకే ముందు పోసి, చార్జి నిండాక మిగతాది గుర్తు దాకా పోయండి. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో పొంగి బయటకు వస్తుంది. హైడ్రోమీటర్‌లో నిండు బ్యాటరీ 1.260 నుంచి 1.280 మధ్య చూపిస్తుంది. ఆరు గదుల్లో ఐదు ఒకలా ఉండి ఒకటి 0.050 కన్నా ఎక్కువ తేడాతో కింద ఉంటే ఆ సెల్ పోయినట్టే, ఇక ఆ బ్యాటరీ మీద ఖర్చు పెట్టకండి. ప్లేట్లను బాగు చేసే మందులంటూ సీసాల్లో అమ్ముతారు. నేను రెండు సీసాలు కొన్నాను, మూడోది కొనను.

చార్జింగ్ గాలి తగిలే చోటే. చార్జి నిండే దశలో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. వంటింట్లో, పూజ గదికి ఆనుకుని, మంచం కింద పెట్టొద్దు. వరండా మేలు. సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందని కింద చెక్క వేసేవాళ్లున్నారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకు ఆ భయం లేదు. చెక్క వేసినా నష్టం లేదు, మా అమ్మ వేయిస్తుంది.

ఎవరికి ఏది

పడవ ఇంటి దగ్గరే ఉండి, నెలకు ఒకటి రెండు ట్రిప్పులు వేసేవాళ్లు నీళ్ల బ్యాటరీ, ఫ్లోట్ ఉన్న స్మార్ట్ చార్జర్, కటాఫ్ స్విచ్ పెట్టుకుంటే చాలు. వేసవిలో బ్యాటరీని ఇంటికి తెచ్చుకుని నెలకోసారి ఒక రాత్రి చార్జి పెట్టండి.

పడవ దూరంగా, కాపలా ఉన్న చెరువు మీద ఉంటే 10 లేదా 20 వాట్ల ప్యానెల్, వేడిని చూసుకునే పీడబ్ల్యూఎం కంట్రోలర్, ఫ్యూజు. కాపలా లేకపోతే ఏజీఎం బ్యాటరీ కొని, ఏప్రిల్‌లో ఇంటికి తెచ్చేయండి.

బ్యాటరీ మోటారు మీదే ఆధారపడేవాళ్లు లిథియం, దాని చార్జర్ రెండూ ఒకేసారి కొనండి. బ్యాటరీ కొని చార్జర్ పాతదే వాడదాం అనుకునేవాళ్లకు లిథియం వద్దు.

సొసైటీ పడవల సంగతి కొంచెం వేరు. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు, చార్జింగ్ ఎవరో పెడతారులే అని ఎవరూ పెట్టరు. అక్కడ మనిషి గుర్తు పెట్టుకోవాల్సిన పద్ధతి ఏదైనా ఫెయిల్ అవుతుంది, కాబట్టి ఖర్చు కాస్త ఎక్కువైనా సోలారే. 2023 జూలై చివర మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగినప్పటి నుంచి మా సొసైటీ పెద్దమనిషి జూన్ రాగానే ఫోన్ చేస్తాడు, "సారూ, పడవ సెల్ఫ్ కొడుతుందా, ఒక్కసారి చూసి రాపోండి" అని. పనికొచ్చే ఫోన్ అది. ఆ ఫోన్ రాకముందే వెళ్లి మీటర్ పెట్టి 12.7 చూసి వస్తే టెన్షన్ ఉండదు.

ఇప్పటికే 11 కిందికి దిగి ఉన్నవాళ్లకు ఒక మాట. చాలా స్మార్ట్ చార్జర్లు పది వోల్టుల దగ్గర ఉన్నదాన్ని బ్యాటరీగానే గుర్తించవు, లైటు వెలగక చార్జర్ పాడైందనుకుంటాం. మంచి 12 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి దానికి చార్జర్ పెడితే అది మేలుకుని చార్జింగ్ మొదలుపెడుతుంది. అరగంటయ్యాక మంచిదాన్ని తీసేయొచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి ఉన్నా, కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తున్నా ఈ ప్రయోగం చేయొద్దు. నిండాక ఒక రాత్రి వదిలి చూడండి. పొద్దున 12.4 దాటి నిలబడితే షాపులో లోడ్ టెస్ట్ చేయించండి. నిలబడకపోతే పాత సామాను బండివాడికి ఇవ్వకుండా కొత్తది కొనే షాపులోనే ఇచ్చి బిల్లులో తగ్గించుకోండి. లోపల ఉన్నది సీసం, దాన్ని వాళ్లు తూకానికి తీసుకుంటారు.